బందీ నోటి తాళం ఎవరి దగ్గర ఉండాలి?

పోయిన నెల ఈ శీర్షికలో మిమ్మల్ని ఒక మాట అడిగాను: మీ ఆటలో పాత్రలు శత్రువుకు పట్టుబడితే తర్వాత ఏం జరుగుతోంది అని. వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే గది ముందు ఆగిపోయాయి. అది విచారణ గది. నేను పగలు జిల్లా కోర్టులో సాక్షులను క్రాస్ ఎగ్జామినేషన్ చేసే వకీలును. ఆదివారం రాత్రి మా ఇంటి భోజనాల బల్ల దగ్గర గేమ్ మాస్టర్‌ను. కాబట్టి ఈ నెల నాకు పండగే.

కొత్తగా చదువుతున్నవారికి రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కొక్కరూ ఒక్కో పాత్రను నడుపుతారు. మిగిలిన లోకాన్నంతా, అంటే రాజునూ బంట్లనూ వాననూ తలుపు గొళ్లేన్నీ, గేమ్ మాస్టర్ నడుపుతారు. ఏ పని ఫలిస్తుందో తేలనప్పుడు పాచిక వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలన్నిటికీ పెద్దన్న. ఇక ఉత్తరాలు.

ప్రశ్న: మా బల్ల దగ్గర నేను గేమ్ మాస్టర్‌ను, ఆటగాళ్లు నలుగురు. రేవు గోదాములో మా దొంగ పాత్ర పట్టుబడింది. సుంకాల అధికారి అతన్ని కూర్చోబెట్టి విచారించాడు. అధికారి తరఫున బెదిరింపుకు పాచిక వేస్తే మొత్తం 23 వచ్చింది. ‘నువ్వు భయపడి మీ స్థావరం ఎక్కడుందో చెప్పేశావు’ అన్నాను. ఆటగాడు ‘నేను చెప్పలేదు’ అన్నాడు. ‘పాచిక చెప్పింది’ అన్నాను. అతను పాత్ర కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండు ఆదివారాలుగా రావడం లేదు. నియమాల ప్రకారం నాది తప్పా?
— ఒక గేమ్ మాస్టర్, విజయవాడ

జవాబు: నియమాల దగ్గరే మొదలుపెడదాం, మా వృత్తిలో అదే అలవాటు. మీరు ఆడుతున్నది డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ అనుకుంటున్నాను. 2014లో వచ్చిన దాని గేమ్ మాస్టర్ల పుస్తకంలో మాటలతో ఎదుటివారిని ఒప్పించే పద్ధతి ఉంది. స్నేహం, ఉదాసీనత, శత్రుత్వం అని మూడు వైఖరులు పెట్టి, ఏ వైఖరిలో ఉన్నవాడు ఎంత సంఖ్యకు ఎంతవరకు దిగివస్తాడో పట్టిక ఇచ్చారు. ఆ పట్టిక మీరు నడిపే మనుషుల కోసం. కాపలావాడి కోసం, సత్రం యజమాని కోసం, సుంకాల అధికారి కోసం. ఆటగాడి పాత్ర ఏమనుకుంటుందో, ఏం పలుకుతుందో ఆటగాడే చెప్పాలి. ఈ లోకంలో అతని సొంత ఆస్తి అదొక్కటే. కొండలు మీవి, కోటలు మీవి, వర్షం కూడా మీదే. ఆ ఒక్క నోరు అతనిది. దాన్నీ మీరే తీసుకుంటే అతను అక్కడ కూర్చుని చేసేదేముంది? కాగితం మడిచి వెళ్లిపోయాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

అయితే ఆ 23 వృథా అని కాదు. దాన్ని పాత్ర నాలుక మీద కాకుండా మోకాళ్ల మీద ప్రయోగించండి. ‘ఈ మనిషి అన్నంత పనీ చేస్తాడని నీకు అర్థమైంది. చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడు అబద్ధం చెప్పాలంటే రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. ఏమంటావు?’ అనండి. పాచిక భయాన్ని తేల్చింది, భయంతో ఏం చేయాలో ఆటగాడు తేలుస్తాడు. ఆ రెండింటి మధ్య జానెడు జాగా వదలండి చాలు. మీ ఆటగాడు ఆ జాగాలోనే కూర్చోవాలి.

ఇక అసలు విషయం. విచారణ అంటే బందీ దగ్గర ఉన్నది లాగడం అని చాలామంది అనుకుంటారు. కోర్టులో ఇరవై ఏళ్లు నిలబడ్డాక నాకు తెలిసింది వేరు. ప్రశ్న అడిగినవాడు ముందుగా తన దగ్గరున్నది ఇచ్చుకుంటాడు. ‘ఆ రాత్రి పది గంటలకు మీరు కాలువ వంతెన మీద ఎవరితో మాట్లాడారు?’ అని నేను సాక్షిని అడిగాననుకోండి. వంతెన సంగతి నాకు తెలుసని అతనికి తెలిసిపోయింది. వేళ తెలుసని తెలిసింది. ఎవరితోనో తెలియదనీ తెలిసిపోయింది. తెలివైన సాక్షి జవాబు చెప్పేముందు నా ప్రశ్నను జేబులో వేసుకుంటాడు.

మనకు తెలిసిన అతి గొప్ప బందీ విచారణ సుందరకాండలో ఉంది. హనుమంతుణ్ని కట్టి సభలోకి ఈడ్చుకొచ్చారు. రావణుడు ప్రహస్తుణ్ని ప్రశ్నించమన్నాడు. ప్రహస్తుడు మంచి పనివాడు. ముందు ‘భయపడకు, నీకు మేలు కలుగుతుంది’ అని ఊరట మాటతో మొదలుపెట్టి, నిజం చెబితే విడిచిపెడతామని ఆశ చూపి, అబద్ధమాడితే ప్రాణం దక్కదని ముగించాడు. మధ్యలో అడిగింది చూడండి: నిన్ను ఇంద్రుడు పంపాడా, కుబేరుడా, యముడా, వరుణుడా, విష్ణువా? అంటే ఏమైంది? లంక ఎవరెవరి నుంచి ముప్పు వస్తుందని లెక్కవేసుకుంటోందో ఆ జాబితా మొత్తం బందీ చేతికి వచ్చింది. అందులో రాముడి పేరు లేదన్న సంగతితో సహా. ఆ తర్వాత తోకకు నిప్పంటించి వీధుల్లో తిప్పుతుంటే, రాత్రి చీకట్లో సరిగా చూడలేకపోయిన కోట కట్టుదిట్టాలను పగటి వెలుతురులో చూసుకోవచ్చులే అని ఆయన ఓర్చుకున్నాడు. పట్టుబడిన పాత్రను ఎలా నడపాలని నన్ను అడిగితే ఆ సర్గలు చదవమంటాను.

కాబట్టి విచారణ మొదలుపెట్టే ముందు మీ అధికారికి ఒక చీటీ రాసుకోండి. అతనికి నిజంగా తెలిసింది ఏమిటి, తప్పుగా నమ్ముతున్నది ఏమిటి, ఏది దొరక్కపోతే అతని కొంప మునుగుతుంది. మీ రేవు కథకే రాస్తాను. గోదాములోకి నలుగురు దూరారని అతనికి తెలుసు. వాళ్లను పంపింది ఉప్పు వర్తకుడని తప్పుగా నమ్ముతున్నాడు. మాయమైన లెక్కల పుస్తకం రేపు పొద్దున్న గవర్నర్ వచ్చేలోగా దొరక్కపోతే ఉద్యోగం ఊడుతుంది. ఇప్పుడు అతని మొదటి ప్రశ్న మీ స్థావరం గురించి ఎందుకు ఉంటుంది?

‘ఉప్పు వర్తకుడు మీకు ఎంత ముట్టజెప్పాడు?’

మీ దొంగ ఒక్క క్షణం ఆగుతాడు. మేమెవరమో వీడికి తెలియదన్నమాట. వర్తకుడంటే వీడికి మంట అన్నమాట. పుస్తకం ఇంకా దొరకలేదన్నమాట.

‘ఐదు వందలు. సగం ముందు, సగం పని అయ్యాక.’

ఇక్కడ వేయించండి పాచిక. దొంగ అబద్ధానికీ అధికారి పసిగట్టే శక్తికీ పోటీ పెట్టండి. దొంగ గెలిస్తే తెల్లారేసరికి వర్తకుడి దుకాణానికి సీలు పడుతుంది, మీకు వచ్చే వారానికి కథ దొరుకుతుంది. దొంగ ఓడితే అధికారి నవ్వి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ‘ఆ వర్తకుడు చచ్చి మూడు నెలలైంది, అబ్బాయీ’ అంటాడు. ఆ మాట చెప్పడానికి మీరు ఎంత ఉత్సాహంగా ఎదురుచూస్తారో నాకు తెలుసు.

మీ అధికారిని మరీ కర్కోటకుడిగా చేయకండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఓబెరుర్జెల్‌లో హాన్స్ షార్ఫ్ అనే జర్మన్ విచారణాధికారి ఉండేవాడు. పట్టుబడిన అమెరికన్ విమాన చోదకులను విచారించడం అతని పని. చెయ్యి చేసుకునేవాడు కాదు. అడవిలో షికారుకు తీసుకెళ్లేవాడు. ఎదుటివాడి గురించి ముందే అంతా చదువుకుని, నాకు తెలియనిదేముంది అన్నట్టు మాట్లాడేవాడు. అమెరికన్ యుద్ధ విమానాల తుపాకుల నుంచి ఉన్నట్టుండి తెల్లని మెరుపు తూటాలు ఎందుకు వస్తున్నాయో జర్మన్లకు అంతుపట్టలేదు. షార్ఫ్ షికారు మధ్యలో, మీ దేశంలో ఫలానా రసాయనానికి కొరత వచ్చిందటగా అని యథాలాపంగా అన్నాడు. చోదకుడు కాదు కాదని సరిదిద్దాడు: తూటాలు అయిపోవస్తున్నాయని చోదకుడికి తెలియడానికి ఆ రంగు పెడతారు. అంతే, పని అయిపోయింది. షార్ఫ్ ప్రశ్నే అడగలేదు, ఒక తప్పు మాట అన్నాడంతే. యుద్ధం తర్వాత అమెరికా వెళ్లి, రంగుముక్కలు పొదిగి బొమ్మలు చేసే మొజాయిక్ పనివాడయ్యాడు. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ల సిండ్రెల్లా కోటలో ఉన్న మొజాయిక్ చిత్రాలు అతని చేతివే. మీ అధికారి చేత గ్లాసు మజ్జిగ ఇప్పించి ఇలా ఒక తప్పు మాట అనిపించండి. మీ ఆటగాళ్లలో ఒకరైనా సరిదిద్దకుండా ఉండలేరు. నేను మా వాళ్ల మీద మూడుసార్లు ప్రయోగించాను, మూడుసార్లూ పనిచేసింది.

ఆటగాడు ఏదీ చెప్పనని భీష్మించుకుంటే? చెప్పకపోనివ్వండి, కానీ దానికి ఖరీదు పెట్టండి. జాన్ హార్పర్ రాసిన దొంగల ముఠా ఆట బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో దీనికి ఒక చక్కని నియమం ఉంది. పోలీసులు ముఠాలో ఒకణ్ని పట్టుకుపోతారు. మూడు నాణేలు లంచం పడేసి బయటపడవచ్చు. లేదా వాళ్లు చితకబాది రెండో స్థాయి గాయం చేస్తారు, అడిగింది నువ్వు చెప్పేస్తావు, ముఠా మీద నిఘా మూడు పాయింట్లు పెరుగుతుంది. నాకు నచ్చింది దాని తర్వాతి వాక్యం: గాయాన్నీ, నోరు విప్పడాన్నీ విడివిడిగా ప్రతిఘటించవచ్చు. అంటే దెబ్బలు తిని నోరు మూసుకోవచ్చు. దెబ్బలు తప్పించుకుని చెప్పేయవచ్చు. ఎవరు ఏది ఎంచుకుంటారో చూస్తే ఆ పాత్ర ఏమిటో బయటపడుతుంది. అపొకలిప్స్ వరల్డ్ అనే ఇంకో ఆటలో ఒక ఆటగాడి పాత్ర ఇంకో ఆటగాడి పాత్రను లొంగదీయాలని చూస్తే పాచిక బలవంతపెట్టదు. మాట వింటే, పాత్ర ఎదుగుదలకు లెక్కకు వచ్చే అనుభవం గీత ఒకటి పెరుగుతుందని ఆశ పెడుతుంది. ఈ రెండు నియమాలనూ ఐదో ఎడిషన్‌లోకి అరువు తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మీ దొంగకు ఇవాళే ఫోను చేయండి. సందేశం పంపడం కాదు, ఫోను. ఆ దృశ్యం చెల్లదు, మళ్లీ ఆడదామని చెప్పండి. కోర్టులో మేం రోజూ తీర్పులు తిరగదోడుతూనే ఉంటాం, పరువేమీ పోదు.

ప్రశ్న: ఒకరిని విచారిస్తుంటే మిగతా ముగ్గురూ ఫోన్లు చూసుకుంటున్నారు. అలాగని బందీని పక్క గదిలోకి తీసుకెళితే ఇంకా ఎక్కువసేపు పడుతోంది. ఏం చేయాలి?
— హాస్టల్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఈ తప్పు నేను ఘనంగా చేశాను. మా ఆట మొదలైన కొత్తలో ఒక మంత్రగత్తె పాత్రను నేలమాళిగలో గంటా నలభై నిమిషాలు విచారించాను. క్రాస్ ఎగ్జామినేషన్ పూనకం వచ్చింది. తల తిప్పి చూస్తే ఒకతను సోఫాలో నిద్రపోయాడు. ఇంకొకామె మా అత్తగారితో కలిసి వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ‘కోడలా, ఆ పిల్లను వదిలేయవే, ఏమీ తెలియదు దానికి’ అని అత్తగారు వంటింట్లోంచి తీర్పు చెప్పారు. ఆవిడ అన్నది నిజమే. ఆ పాత్రకు ఏమీ తెలియదు.

అప్పటి నుంచి గడియారం పెడుతున్నాను. విచారణకు ఒక దఫా ఎనిమిది నిమిషాలు. ఇడ్లీ పాత్ర దించడానికి గంట కొట్టే టైమరే వాడతాను. గంట కొట్టగానే, అధికారి సగం మాటలో ఉన్నా సరే, బయట ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాను. వాళ్లు కోట గోడ ఎక్కుతుంటారు, ఎనిమిది నిమిషాలు వాళ్లకు. మళ్లీ లోపలికి. సగంలో ఆగిన ప్రశ్నకు జవాబు ఆలోచించుకునే వ్యవధి బందీకి దొరుకుతుంది, ఉత్కంఠ మిగతావాళ్లకు దొరుకుతుంది.

బయట చేసే పనేమీ లేకపోతే మిగతా ముగ్గురినీ విచారణ గదిలోకి దింపండి. ఒకరికి జాలిగుండె కాపలావాడి పాత్ర ఇవ్వండి. ఒకరికి లంచం మరిగిన గుమస్తా. ఇంకొకరికి పక్క జైలు గదిలో ఏళ్లుగా మగ్గుతున్న ఖైదీ. ఒక్కొక్కరికి ఒకే వాక్యం రాసిన చీటీ చాలు: ‘నీ కూతురి పెళ్లి ఎల్లుండి, ఇంటికి త్వరగా వెళ్లాలి.’ మా బల్ల దగ్గర ఆ చీటీ అందుకున్నతను సెలవు కావాలని అధికారిని అంతలా సతాయించాడు, విచారణ సగంలో ఆగిపోయింది.

పక్క గదికి తీసుకెళ్లడం ఒకే సందర్భంలో బాగుంటుంది, ఇద్దరు పట్టుబడినప్పుడు. ఖైదీల సందిగ్ధం గురించి ఆర్థికశాస్త్రం చదివేవాళ్లు వినే ఉంటారు. 1950లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ దాన్ని ఒక ఆటగా అల్లితే, ఆల్బర్ట్ టక్కర్ అనే గణితవేత్త ఇద్దరు ఖైదీల కథ తొడిగాడు. ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరికీ చిన్న శిక్ష. ఒకడు రెండోవాడి మీద చెప్పేస్తే చెప్పినవాడు ఇంటికి, మూసుకున్నవాడు చెరసాలకు. ఇద్దరూ చెప్పేస్తే ఇద్దరికీ మధ్యరకం శిక్ష. నేను దీన్ని చీటీలతో నడుపుతాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడకుండా రాస్తారు, నేను ఒకేసారి విప్పుతాను. పదేళ్ల స్నేహితులు కూడా ఆ నిమిషంలో ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పక్క గది కూడా అక్కరలేదు, చెయ్యి అడ్డు పెట్టుకుంటే చాలు.

మిగిలిన వేళల్లో అందరూ అందరి మాటలూ విననివ్వండి. ‘మా పాత్రలకు తెలియకూడదు కదా’ అంటారు. పాత్రలకు తెలియకూడదు, మనుషులకు తెలియాలి. నాటకంలో పక్కనున్నవాడికి వినపడని స్వగతం హాల్లో చివరి వరసకు వినపడుతుంది కదా.

ప్రశ్న: మా కథలో శత్రువుల పూజారి బందీల మీద సత్యవలయం మంత్రం వేశాడు. ఇక నిజం చెప్పక తప్పదన్నాను. ఇది అన్యాయమని మా వాళ్లు గొడవ. శత్రువుకు మంత్రం ఉండకూడదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జవాబు: ఉండవచ్చు. కానీ మంత్రాన్ని పూర్తిగా చదవండి. సాక్ష్యాన్ని సగం చదివి వాదించేవాళ్లను నేను రోజూ చూస్తుంటాను, ఇక్కడైనా వద్దు.

మీరు సత్యవలయం అన్నది ఐదో ఎడిషన్ పుస్తకంలోని జోన్ ఆఫ్ ట్రూత్, రెండో స్థాయి మంత్రం. పదిహేను అడుగుల వ్యాసార్ధంలో పది నిమిషాలు ఉంటుంది. అందులోకి వచ్చినవారు కరిజ్మా సేవింగ్ త్రో, అంటే వ్యక్తిత్వ బలంతో మంత్రాన్ని తట్టుకునే పాచిక, వేయాలి. ఓడినవారు తెలిసి తెలిసి అబద్ధం ఆడలేరు. ఎవరు ఓడారో, ఎవరు తట్టుకున్నారో మంత్రం వేసినవాడికి తెలుస్తుంది. ఇంతవరకు మీరు చదివారు. తర్వాతి మాట: మంత్రం తన మీద ఉందని బందీకి తెలుసు. నోరు మూసుకోవచ్చు. మాట తప్పించవచ్చు. అబద్ధం కానంతవరకు ఎన్ని వంకర్లైనా పోవచ్చు. ‘చెప్పక తప్పదు’ అన్నది మీ సొంత చేర్పు.

అశ్వత్థామ హతః కుంజరః అని మనం రోజూ వాడుతూనే ఉంటాం కదా. చచ్చింది ఏనుగు. ధర్మరాజు మొదటి రెండు మాటలూ గట్టిగా అని మూడోది గొణిగాడు. ధర్మరాజు చుట్టూ సత్యవలయం వేసి ఉన్నా ఆ వాక్యం నోట్లోంచి వచ్చేదే, అక్షరం అబద్ధం లేదు. భూమికి నాలుగంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం మాత్రం ఆ క్షణంలో నేలకు దిగిందంటారు. కాబట్టి మీ ఆటగాళ్లకు చెప్పండి: పది నిమిషాలు, కుంజరాలు ఎన్నైనా పట్టుకురండి. మీ పూజారి కూడా తెలివైనవాడైతే అవును కాదు అని తేలే ప్రశ్నలే అడుగుతాడు. ‘మీ నాయకుడు ఈ ఊళ్లో ఉన్నాడా?’ అప్పుడు మౌనం కూడా ఒక జవాబవుతుంది. ఆ మౌనానికి పూజారి ఏ అర్థం తీసుకుంటాడో మీరు తేల్చుకోండి. నేనైతే తప్పు అర్థం తీసుకునేలా చేస్తాను.

వృత్తి రీత్యా ఒక చిన్న పక్కదారి. 2010లో సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు, మనిషి సమ్మతి లేకుండా నార్కో పరీక్ష, లై డిటెక్టర్, మెదడు పరీక్ష చేయకూడదంది. రాజ్యాంగం 20(3) అధికరణ ప్రకారం నిందితుణ్ని తనకు తానే వ్యతిరేక సాక్షిగా మార్చడానికి వీల్లేదు. మీ రాజ్యంలో ఒక పాత న్యాయమూర్తి ఇలాంటి తీర్పు ఇచ్చి ఉంటే? సత్యవలయంలో చెప్పిన సాక్ష్యం చెల్లదని బందీ అరిచి గోల చేస్తే? నాలుగు వారాల కథ అది. నేను ఆడించాను, మా వాళ్లు ఇప్పటికీ తిడుతుంటారు. వకీలుతో ఆడితే అంతే.

ప్రశ్న: మా గేమ్ మాస్టర్ నా పాత్రను చిత్రహింస పెట్టడాన్ని ఇరవై నిమిషాలు వివరించాడు. గోళ్లు, సూదులు. మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి విన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెబితే ‘ఆట ఆటే కదా, అంత సున్నితమైతే ఎలా’ అన్నాడు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: లేదు.

మీ తదుపరి సెషన్‌కు ముందు అతనికి రెండు సంగతులు చెప్పండి. ఈ ఆటలు ఆడేవాళ్లలో గీతలు, తెరలు అని ఒక ఏర్పాటు ఉంది. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రూపకర్త దాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. గీత అంటే అది మా కథలోకి రానే రాదు. తెర అంటే జరిగిందని అందరికీ తెలుస్తుంది, చూపించరు. పాత సినిమాల్లో కెమెరా దీపం వైపు తిరిగినట్టు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే అతను ఎక్స్ కార్డు ప్రతిపాదించాడు. బల్ల మధ్యన ఎక్స్ అని రాసిన ఒక అట్టముక్క పెడతారు. ఎవరైనా దాన్ని తాకితే అక్కడితో ఆ వర్ణన ఆగిపోతుంది, ఎందుకని అడగరు. మా బల్ల మీద పాత ఆహ్వానపత్రిక వెనక స్కెచ్ పెన్నుతో రాసిన ఎక్స్ ఉంది. మూడేళ్లలో రెండుసార్లు తాకారు. రెండుసార్లూ పది క్షణాల్లో కథ ముందుకు సాగింది.

రెండోది, అతనికి నీతి రుచించకపోతే లాభం చెప్పండి. చిత్రహింస ఆటను పాడుచేస్తుంది, ఎందుకంటే అందులో ఆటగాడు చేసేదేమీ లేదు. కుర్చీలో కట్టేసి ఒక మనిషి మాట్లాడుతుంటే ఇంకో మనిషి వినడం, దానికి పాచికలెందుకు? పైగా దెబ్బలకు పుట్టే మాట నమ్మదగింది కాదు. మన దేశంలో 1872 నాటి సాక్ష్యాధార చట్టం ఇరవై ఐదో సెక్షన్‌లోనే, పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని కోర్టులో రుజువుగా పెట్టకూడదని రాశారు. ఆ రాసింది తెల్లదొరలు, ఖైదీల మీద ప్రేమ పొంగిపోయి కాదు. కొడితే ఎవడైనా ఏదైనా ఒప్పుకుంటాడని వాళ్లకు తెలుసు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. కాబట్టి ఆటలోనూ హింసకు లొంగిన బందీ చెప్పేది, కొట్టేవాడు వినాలనుకుంటున్నదే. ఆ మాట పట్టుకుని శత్రుసైన్యం ఖాళీ కొండ మీదికి పోతే ఎంత బాగుంటుంది!

ఇంత చెప్పినా అతను నవ్వితే మీరు బల్ల మార్చండి. విశాఖలో వేరే బల్ల దొరక్కపోతే మీరే ఒకటి వేయండి. ముగ్గురు చాలు.

ప్రశ్న: అసలు మా వాళ్లు పట్టుబడరు మేడమ్. చావనైనా చస్తారు గానీ కత్తి కింద పడేయరు. ఒక్క విచారణ దృశ్యం ఆడించాలని మూడేళ్లుగా నా ఆశ.
— గేమ్ మాస్టర్, కర్నూలు

జవాబు: వాళ్ల తప్పు కాదు. లొంగితే అన్నీ పోతాయని ఎక్కడో నేర్చుకున్నారు. 1981లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్లు బానిస వర్తకుల మీద నాలుగు సాహసాల వరుసను పూర్తి చేశారు. మూడోది ముగిసేసరికి పాత్రలు ఎలాగైనా బందీలవ్వాలి. నాలుగోది కత్తీ కవచం మంత్రాల పుస్తకం ఏదీ లేకుండా చీకటి గుహలో మొదలవుతుంది. నాలుగోది అద్భుతం. కానీ ఏం చేసినా పట్టుబడక తప్పదన్న ఆ ముగింపు కొరకరాని కొయ్య.

బలవంతంగా పట్టుకోకండి, బేరమాడండి. ఫేట్ అనే ఆటలో ఓటమిని ముందే ఒప్పుకునే నియమం ఉంది. ఎదుటివాడు పాచిక వేసేలోపే ‘నేను తగ్గాను’ అంటే, తర్వాత పాచికకు ఊతంగా వాడుకునే ఫేట్ పాయింటు ఒకటి చేతికి వస్తుంది, తనకు ఏమవుతుందో చెప్పడంలో ఆటగాడికీ మాట ఉంటుంది. మీరు కూడా పోరాటం చేయి దాటుతున్నప్పుడు పాచిక పక్కన పెట్టి అడగండి: ‘ఇక్కడ లొంగితే ప్రాణానికి భయం లేదు, మీ వస్తువులన్నీ ఫలానా గదిలో భద్రంగా ఉంటాయి, శత్రుకోట లోపలికి దారి కూడా దొరుకుతుంది. ఏమంటారు?’ ఐదో ఎడిషన్‌లో కత్తితో దగ్గర్నుంచి కొట్టి కింద పడేసినవాడు చంపకుండా స్పృహ తప్పించవచ్చు, మీ శత్రువులకూ ఆ హక్కు ఉంది. మొదటిసారి ఒక్కరినే పట్టుకోండి. ఆ ఒక్కరినీ మంచి గదిలో పెట్టి, మంచి ప్రశ్నలు అడిగి, వచ్చినప్పటికంటే ఎక్కువ సమాచారంతో బయటికి పంపండి.

మా బల్ల దగ్గర అలా బయటపడ్డ వీరుడు ఒకతను ఉన్నాడు. పోయిన ఆదివారం యుద్ధం మొదలై రెండు నిమిషాలైందో లేదో డాలు కింద పెట్టి చేతులు పైకెత్తాడు. దెబ్బైనా తగల్లేదు. ‘నన్ను మీ సేనాపతి దగ్గరికి తీసుకెళ్లండి, ఆయన ఏమడుగుతాడో వినాలి’ అన్నాడు. ఇప్పుడు సేనాపతికి ఏం తెలుసో, ఏం తెలియదో చీటీ రాసుకోవాల్సిన పని నా మీద పడింది.